తిరుగు టపా

బొత్తాల ఫోను ఉంటే చాలు. ఒక నంబరుకు రింగ్ ఇచ్చి పెట్టేస్తే అవతల నుంచి కంప్యూటరే తిరిగి ఫోన్ చేస్తుంది. మనం ఏదైనా చెప్పాలంటే ఒకటి నొక్కాలి, ఇంకొకరు చెప్పింది వినాలంటే రెండు నొక్కాలి. అంతకుముందు బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌధరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర అనే ఫోన్ వేదిక పనిచేసిన తీరు ఇది. యంత్రం తాలూకు పనిలో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాకు చెందిన బిల్ థీస్ తోడు నిలిచారు. పత్రిక చేరని ఊళ్లనుంచి, గోండీలో చెబితే రాసుకునే విలేఖరి దొరకని చోట్లనుంచి మాట బయటికి రావడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో పడిన దారి అది. చేతిపంపు చెడిపోయింది, బడికి పంతులు రావడం లేదు, పనికి పోయిన కూలి డబ్బు ఇంకా పడలేదు: ఎక్కువగా ఇలాంటి కబుర్లే. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. కబురు చివర దానికి సంబంధించిన అధికారి ఫోన్ నంబరు కూడా చెప్పేవాళ్లు. విన్నవాళ్లు ఎక్కడెక్కడినుంచో ఆ అధికారికి ఫోన్ చేసి అడిగేవాళ్లు. పని జరిగితే, మొదట కబురు చెప్పిన మనిషే మళ్లీ ఫోన్ చేసి, ఫలానా పని అయిందని అందరికీ వినబడేలా చెప్పేవాడు.

ఆ బస్తర్‌లోని సుక్మా మనకు దూరమేమీ కాదు. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే శబరి ఒడ్డున కోంటా వస్తుంది. ఆపైన ఎర్రబోరు, దోర్నపాల్ దాటితే సుక్మా. 2012 జనవరిలో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయింది. కోంటా సంతలో తెలుగు చెల్లుతుంది. అక్కడి దోర్ల ఆదివాసుల మాటలో గోండీ ఎంతుందో తెలుగు దాదాపు అంత వినిపిస్తుంది. మిర్చి ఏరే రోజులొస్తే అక్కడి కూలీలు గుంపులు గుంపులుగా మన ఖమ్మం, కొత్తగూడెం, ములుగు వైపు దిగుతారు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్లు విడిచి ఇటు వచ్చి, గోదావరి పక్క అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఇంకా ఇక్కడే ఉన్నాయి. కాబట్టి సుక్మా మనిషి మాట ఎక్కడికి చేరుతోంది, చేరాక ఏమవుతోంది అన్న ప్రశ్న మన ఇంటి ప్రశ్న కూడా.

మాట మాటగా ఏ కార్యాలయానికీ చేరదు. పట్టికగా చేరుతుంది. ఒక మనిషి రెండు నిమిషాలు మాట్లాడితే దాన్ని విన్నవాళ్లు గడుల్లోకి విడగొడతారు: పేరు, ఊరు, బ్లాకు, సమస్య, తేదీ, ఫోన్ నంబరు. అలాంటి వరుసలు వందలయ్యాక వాటిని కూడి, వేరుచేసి, ఏ బ్లాకులో ఎన్ని చేతిపంపులు ఎండిపోయాయో చూస్తారు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం తెచ్చినప్పుడు అది వ్యాపార లెక్కల కోసం. ఒక గడిలో అంకె మారిస్తే దానిమీద ఆధారపడ్డ గడులన్నీ వాటంతటవే మారడం ఆనాటికి పెద్ద విశేషం. ఇవాళ రేషను, ఉపాధి కూలి, మలేరియా పరీక్ష, అటవీ పట్టా అన్నీ స్ప్రెడ్‌షీట్ గడుల్లోనే బతుకుతున్నాయి.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో మిర్చి తోటల దగ్గర చిక్కుకుపోయిన బస్తర్ కూలీల ఫోన్లు తీసుకునే పనిలో నేనూ ఒక చెయ్యి వేశాను. మొదట్లో ఒకరు ఫోన్‌లో విని నోటుబుక్కులో రాసేవారు, ఇంకొకరు ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవారు, మూడోవారు దాన్ని చూసి షీట్‌లో టైపు చేసేవారు. ఒకే గుంపు మూడు పేర్లతో మూడు చోట్ల ఉండేది. బియ్యం ఒకచోటికి రెండుసార్లు పోయి ఇంకోచోటికి అసలు పోకుండా ఉండే ప్రమాదం దీంట్లోనే ఉంది. మాలో కంప్యూటరు పని తెలిసిన ఒక అమ్మాయి ఒక ఫారం కట్టింది. అందులో నింపింది నింపినట్టే అందరూ చూసే షీట్‌లో వరుసగా పడేది. ఒకే ఫోన్ నంబరు మళ్లీ వస్తే కొత్త వరుస తెరవకుండా పాతదాని కింద చేర్చేది. బియ్యం అడిగిన వరుసలు దగ్గరి మండలంలో ఉన్నవాళ్ల ఫోన్‌కు వాటంతటవే వెళ్లేవి.

ఆరోజునుంచి వచ్చిన మార్పు ఏమిటంటే, ఫోన్ పట్టుకున్న మనిషికి చెవి ఖాళీ అయింది. అంతకుముందు అవతలివాడు చెబుతుంటే ఇవతల సగం మనసు రాత మీద, దాన్ని మళ్లీ ఎత్తి రాయడం మీద ఉండేది. ఎత్తి రాసే పని యంత్రానికి పోయాక, పిల్లలు ఎంతమంది, నీళ్లు ఎక్కడివి తాగుతున్నారు, ఆసామి కూలి ఇచ్చాడా అని నిదానంగా అడిగే వీలు దొరికింది. యంత్రం వస్తే మనిషితనం పోతుందని బెంగపడేవాళ్లకు నేను ఈ అనుభవమే చెబుతాను. ఒకే మాటను మూడుసార్లు టైపు చేయడంలో మనిషితనం ఏమీ లేదు.

ఆ రోజుల్లోనే దేశమంతటా స్వాన్ అనే కార్యకర్తల బృందం ఇదే పనిని చాలా పెద్ద ఎత్తున చేసింది. కష్టంలో ఉన్న కూలీలు ఫోన్ చేస్తారు, ఆ మాట పట్టికకు ఎక్కుతుంది, పట్టిక చూసి సాయం పోతుంది. ఏప్రిల్ నడుమ వాళ్లు అచ్చువేసిన నివేదికలో 11,159 మంది కూలీల సంగతి ఉంది. వాళ్లలో 96 శాతం మందికి ప్రభుత్వ రేషను అందలేదన్న మాట ఆ వరుసలను కూడితేనే బయటపడింది. విడిగా విన్నప్పుడు ఒక్కో ఫోనూ ఒక్కో కష్టం. వరుసల్లో పేర్చాక అది ప్రభుత్వం జవాబు చెప్పవలసిన ప్రశ్న అయింది. పట్టికకున్న బలం నాకు పూర్తిగా అర్థమైంది అప్పుడే.

అయితే ఆ ఫోన్లలో ఒకటి నన్ను వదలలేదు. కోంటా వైపు దోర్ల మనిషి, మేస్త్రీ కాడు గానీ గుంపులో తెలుగు వచ్చినవాడని అతనికే ఫోన్ ఇచ్చారు. అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పాడు. చివర్లో, “రాసుకున్నరు గద సారూ, మళ్ల మాకెట్ల తెలుస్తది?” అన్నాడు.

మామూలుగా కట్టే ఏ షీట్‌లోనూ ఆ ప్రశ్నకు కాలమ్ ఉండదు. మాట కిందినుంచి పైకి పోవడానికి గొట్టాలన్నీ వేస్తాం. ఫోన్ నుంచి ఫారానికి, ఫారం నుంచి షీట్‌కు, షీట్ నుంచి జిల్లా పట్టికకు, అక్కడినుంచి రాజధానిలో రంగురంగుల బొమ్మలకు. ప్రతి అతుకు దగ్గరా యంత్రం చక్కగా పనిచేస్తుంది. ఇందులో ఏ గొట్టమూ వెనక్కి రాదు. ఉత్తరం రాసినవాడు తిరుగు టపా కోసం చూస్తాడు. అది రాకపోతే ఉత్తరం చేరిందో లేదో కూడా అతనికి తెలియదు. సీజీనెట్ స్వరలో పని అయిందని మళ్లీ ఫోన్ చేసి చెప్పే ఆ చిన్న ఆచారం అంత విలువైనదని అందుకే అంటున్నాను. అక్కడ మాట వెళ్లిన దారినే తిరిగి వచ్చింది.

సుక్మాలో కంప్యూటరు రాకముందునుంచే ఇలాంటి తిరుగుదారి ఉన్న పట్టిక ఒకటుంది. ఏప్రిల్, మే ఎండల్లో తునికాకు కల్లం దగ్గర నిలబడి చూడండి. కట్టకు 50 ఆకులు. కట్టల్ని నేలమీద వరుసలుగా పేర్చుతారు. మున్షీ నడుచుకుంటూ లెక్కపెడతాడు, ఒక కట్ట విప్పి ఆకులు చూస్తాడు. తన రిజిస్టరులో రాసుకుంటాడు, ఆకు తెచ్చిన మనిషి దగ్గరున్న కార్డులోనూ రాస్తాడు. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుంచి బస్తాకు 5,500 రూపాయలు ఇస్తోంది. ఆ కార్డు అట్ట నలిగిపోయి, చెమటకు సిరా చెదిరిపోయి ఉంటుంది. అయినా లెక్క రెండో ప్రతి ఆకు ఏరిన చేతిలో ఉంది. అక్షరం రాని తల్లి కూడా ఇంటికెళ్లి బడికి పోయే కొడుకుతో చదివించుకోగలదు. తేడా వస్తే మర్నాడు కల్లం దగ్గర అడగగలదు.

ఈ లెక్క కంప్యూటరుకు ఎక్కి బ్యాంకు ద్వారా డబ్బు పడే రోజులు వచ్చాయి. అయితే ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే నిజంగా గుర్తుపెట్టుకుంటుంది. అంతకుమించి అంకెలున్న ఖాతా సంఖ్యను సంఖ్యగానే టైపు చేస్తే, చివరి అంకెలు సున్నాలైపోతాయి. సంఖ్య మొదట్లో సున్నా ఉంటే అది రాలిపోతుంది. ఆ గడిని ముందే అక్షరాల గడిగా పెట్టాలని తెలిసినవాడు షీట్ కడితే ఈ బాధ లేదు, తెలియనివాడు కడితే డబ్బు తిరుగుముఖం పడుతుంది. దగ్గర్లో బ్యాంకు లేని ఊళ్లో ఆ సంగతి తెలుసుకోవడానికే ఒక రోజు కూలి పోతుంది. సమయం విషయమూ అంతే. చాలా యంత్రాలు లోపల గ్రీనిచ్ గడియారాన్ని పట్టుకుని నడుస్తాయి, మనకూ దానికీ ఐదున్నర గంటల తేడా. తెల్లవారుజామున మూడింటికి పురిటి నొప్పులని ఫోన్ చేస్తే, సరిచూసుకోని షీట్‌లో నిన్నటి తేదీ పడుతుంది.

తేదీ చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. అటవీ హక్కుల చట్టం, 2006లోని 3(1)(ఎమ్) సెక్షను, అక్రమంగా ఖాళీ చేయించిన ఆదివాసీలకు పునరావాస హక్కు ఇస్తుంది. అయితే ఆ ఖాళీ చేయించడం 2005 డిసెంబరు 13కు ముందు జరిగి ఉండాలి. సల్వా జుడుం 2005 జూన్‌లో బీజాపూర్ వైపు మొదలై, కోంటా వైపు ముదిరింది 2006లో. చెట్లు పూసిన కాలాన్నిబట్టి, పండుగనుబట్టి ఊరు విడిచిన రోజు చెప్పే మనిషి మాటను ఫారంలో తేదీగా మార్చేవాడు ఒక కుటుంబం హక్కును చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆ గడిలో తాను చెప్పిందేమిటో, రాసిందేమిటో ఆ కుటుంబానికి ఎవరైనా తిరిగి చదివి వినిపించారా?

యంత్రం చేసిన తప్పు సంపన్న దేశంలో కూడా ఎవరికీ కనబడకుండా పోగలదు. 2020 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోంచి తప్పిపోయాయి. ప్రయోగశాలల నుంచి వచ్చిన సమాచారాన్ని పాతరకం ఎక్సెల్ ఫైల్లోకి తోడుతున్నారు, ఆ రకం ఫైలులో 65,536 వరుసలే పడతాయి. మిగతావి రాలిపోయాయి. ఆ మనుషులకు జబ్బు ఉందని వాళ్లకు తెలుసు. వాళ్లను కలిసినవాళ్లకు మాత్రం సమయానికి ఎవరూ ఫోన్ చేయలేదు.

మన దగ్గర తిరుగుదారి వేసి చూపించిన సందర్భం ఉంది, అదీ తెలుగు నేలమీదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మస్టర్లూ (కూలీల హాజరు పట్టికలు) చెల్లింపులూ తొలినాళ్లలోనే కంప్యూటరుకు ఎక్కాయి. దానితోపాటు సామాజిక తనిఖీ పెట్టారు, 2009లో దానికోసం విడిగా ఒక సంస్థే ఏర్పడింది. పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. కంప్యూటరులోంచి మస్టరు అచ్చుతీస్తారు, చదువుకున్న ఊరి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి నువ్వు ఇన్ని రోజులు చేశావా, నీకు ఇంత ముట్టిందా అని అడుగుతారు, ఆపైన ప్రజావేదికలో అందరి ముందూ చదువుతారు. చనిపోయినవాడి పేరు మీద పని చేసినట్టు ఉంటే, ఊరు మొత్తం ఒక్కసారిగా నోరు విప్పుతుంది. షీట్‌లో ఎంత వెతికినా దొరకని తప్పు గట్టిగా చదివితే దొరుకుతుంది. ఎందుకంటే సరిచూసే జ్ఞానం ఆ ఊరి మనుషుల దగ్గరే ఉంది.

సుక్మాలో ఇది ఇంకా అవసరం. 2022లో కోంటా బ్లాకులోని రేగడ్‌గట్టా ఊరివాళ్లు, కాళ్లూ చేతులూ వాచి మూడేళ్లలో తమ ఊళ్లో 60 మందికి పైగా చనిపోయారని చెప్పారు. అధికారులు చెప్పిన లెక్కా, కారణాలూ వేరు. ఎవరు నిజమన్న వాదన కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది: రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని, ఊళ్లో కూర్చుని, పేరు పేరునా చదవడం. అక్కడ ఊరంటే ఒకచోట గుంపుగా ఉన్న ఇళ్లు కావు. పటేల్ పారా, స్కూల్ పారా అంటూ విడివిడి పల్లెలు, వాగు అడ్డం వస్తే ఒకదానికొకటి అందవు. జనగణనలో అన్నిటికీ కలిపి ఒకటే కోడు. చేతిపంపు మరమ్మతు అయిందని ఆ కోడు ఎదురుగా రాసినా, ఫోన్ చేసిన పారాలో చుక్క నీరు రాకపోవచ్చు. ఆ సంగతి పారావాళ్లే చెప్పాలి.

భాష గురించి కూడా చెప్పుకోవాలి. హిందీ, తెలుగు మాటల్ని విని రాతగా మార్చే యంత్రాలు బాగానే కుదురుకున్నాయి. గోండీకి ఆ దారి ఇంకా పడుతూ ఉంది. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవాళ్లు సుమారు 30 లక్షలు, అయినా అది రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. గోండీ రాసే లిపుల్లో మసారాం గోండీకి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతవరకు ఆ అక్షరాలు ఏ షీట్ గడిలోనూ పట్టేవి కావు. సీజీనెట్ వాళ్లు, నయా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీ, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కలిసి గోండీ వాక్యాలు పోగుచేసి, రాసింది చదివి వినిపించే ఆదివాసీ రేడియో వంటి పనులు చేశారు. ఇది నాకు గొప్ప ఆశ కలిగించే పని. చదివి వినిపించే యంత్రమంటే తిరుగు టపా మోసే యంత్రమే. కిందినుంచి వచ్చే మాటను పట్టుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టినా, పైనుంచి జవాబు పంపడానికి రికార్డు చేసిన ఒక గొంతు ఇవాళే సరిపోతుంది.

ఇంతా చెప్పి, భయం గురించి చెప్పకపోతే అన్యాయం. ఇన్నేళ్లు రెండు తుపాకుల నడుమ బతికిన చోట పేరు రాయడం తేలికైన విషయం కాదు. ఫిర్యాదు చేసినవాడి పేరు, ఊరు, ఫోన్ నంబరు ఒకే వరుసలో ఉండి, లింకు ఉన్నవాళ్లందరికీ ఆ షీట్ తెరుచుకుంటే, దానివల్ల ఎవరి ప్రాణానికి ఏం వస్తుందో చెప్పలేం. యంత్రం ఆ వరుసను క్షణంలో పది ప్రతులు చేస్తుంది, వాటిని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. గొంతు కూడా ఆనవాలే. అలాగని నంబరు చెరిపేస్తే జవాబు ఎవరికి పంపాలి? తిరుగుదారి కావాలంటే చిరునామా ఉండాలి, చిరునామా ఉంటే అపాయం ఉంది.

దీనికి నాకు తోచిన మార్గం రెండు షీట్లు. సమస్య, పారా, తేదీ ఉన్నది అందరికీ. నంబరు ఉన్నది కబురు విన్న ఒక్కరికే. రెంటినీ కలిపేది ఒక చీటీ సంఖ్య, అదీ మూడు నాలుగు అంకెలు, నోటికి గుర్తుండేలా. పేరు చెప్పడం ఇష్టంలేని మనిషి ఏ ఫోన్ నుంచైనా, సంతకొచ్చినప్పుడు బంధువు ఫోన్ నుంచైనా, రింగ్ ఇచ్చి ఆ సంఖ్య నొక్కితే జవాబు వినబడాలి. జవాబు గడి పదిహేను రోజులు ఖాళీగా ఉంటే యంత్రం విన్నవాళ్లకు గుర్తుచేయాలి. పని కాలేదనే జవాబైనా సరే, ఎందుకు కాలేదో ఆ మనిషి భాషలో చెప్పాలి. ఒకసారి రాసిపెడితే యంత్రం అలుపు లేకుండా రోజూ చేసే పనులు ఇవి. వరుసల్ని పైకి తోయడానికి వాడిన తెలివిలో పదోవంతు చాలు.

గుర్తుచేసిన తరువాత మాత్రం మనిషి కావాలి. దోర్ల మాట, తెలుగు, హిందీ మూడూ వచ్చి, బ్లాకు ఆఫీసులో పంపుల మెకానిక్కు ఎవరో తెలిసి, ఏ పారాకు ఏ వాగు అడ్డమో ఎరిగిన కోంటా, దోర్నపాల్ పిల్లలు నలుగురైదుగురు. ఇంటరు చదివి మిర్చి ఏరడానికి మన వైపు వస్తున్నవాళ్లలో అలాంటివాళ్లు దొరుకుతారు. ఈ రకం పథకానికి ఖర్చుల అంచనా రాసేవాళ్లు సర్వర్లకూ ట్యాబ్లెట్లకూ కన్నా పైవరుసలో వాళ్ల నెల జీతం రాయాలి, ఒక్క ఏడాదికి కాక కనీసం ఐదేళ్లకు.